ఏకమితీయ అభిఘాతాలలో ద్రవ్యవేగ నిత్యత్వము

రెండు వస్తువులు ఒకే సరళరేఖ వెంబడి కదులుతూ ఢీకొని, ఆ తరువాత కూడా అదే సరళరేఖపై కదిలితే దానిని భౌతిక శాస్త్రంలో ఏకమితీయ అభిఘాతము అంటారు. బయటి బలాలేవీ పనిచేయనప్పుడు, ఢీకొనడానికి ముందు ఆ రెండు వస్తువుల మొత్తం ద్రవ్యవేగము ఎంత ఉన్నదో తరువాత కూడా అంతే ఉంటుంది. ఇది ద్రవ్యవేగ నిత్యత్వ నియమము. ఒక వస్తువు ఎంత ద్రవ్యవేగాన్ని కోల్పోతే రెండవది సరిగ్గా అంతే పొందుతుంది. అయితే వాటి వేగాలలో వచ్చే మార్పు మాత్రం సమానం కాదు. ద్రవ్యరాశి తక్కువగా ఉన్న వస్తువు వేగమే ఎక్కువగా మారుతుంది. ఈ నియమము ఆచరణలో ఎంత ముఖ్యమో తెలిపే ఉదాహరణలు తిరుపతి, చిత్తూరు జిల్లాలలోనే కనిపిస్తాయి: రేణిగుంట జంక్షనులో వ్యాగన్లు, చిత్తూరు - పలమనేరు రహదారిపై లారీలు, శ్రీహరికోట నుండి అంతరిక్షానికి వెళ్ళిన జంట ఉపగ్రహాలు.

నియమము, సూత్రము

ద్రవ్యరాశిని వేగంతో గుణించగా వచ్చే రాశి ద్రవ్యవేగము. వేగానికి దిశ ఉన్నట్లే ద్రవ్యవేగానికీ దిశ ఉంటుంది. ఒకే సరళరేఖపై చలనం కాబట్టి ఒక దిశను ధనాత్మకంగాను, దాని వ్యతిరేక దిశను ఋణాత్మకంగాను తీసుకుంటే సరిపోతుంది. రెండు వస్తువుల ద్రవ్యరాశులు ద్ర₁, ద్ర₂ అని, తొలి వేగాలు తొ₁, తొ₂ అని, తుది వేగాలు తు₁, తు₂ అని అనుకుంటే,

ద్ర₁తొ₁ + ద్ర₂తొ₂ = ద్ర₁తు₁ + ద్ర₂తు₂

ఇది న్యూటన్ మూడవ గమన నియమము నుండి నేరుగా వస్తుంది. అభిఘాత సమయంలో మొదటి వస్తువు రెండవ దానిపై ఎంత బలం ప్రయోగిస్తే, రెండవది మొదటి దానిపై అంతే బలాన్ని వ్యతిరేక దిశలో ప్రయోగిస్తుంది. రెండు బలాలూ ఒకే కాలవ్యవధిలో పనిచేస్తాయి. బలాన్ని కాలంతో గుణించగా వచ్చే ప్రచోదనము రెండింటికీ సమానము, దిశలు మాత్రం వ్యతిరేకము. కాబట్టి మొత్తంలో తేడా రాదు.

పై సమీకరణంలో తెలియని రాశులు రెండు (తు₁, తు₂) ఉన్నాయి. ఒక్క సమీకరణంతో రెండింటినీ కనుగొనలేము. వస్తువులు ఏ మేరకు తిరిగి ఎగసిపడతాయో తెలియాలి. దానిని తెలిపేది ప్రత్యావస్థాన గుణకము (ప్ర). ఇది విడిపోయే సాపేక్ష వేగానికి, దగ్గరయ్యే సాపేక్ష వేగానికి గల నిష్పత్తి. రెండు వస్తువులూ అతుక్కుపోతే ప్ర = 0; దీనిని పరిపూర్ణ అస్థితిస్థాపక అభిఘాతము అంటారు. గతిజ శక్తి ఏమాత్రం తగ్గకుంటే ప్ర = 1; ఇది పరిపూర్ణ స్థితిస్థాపక అభిఘాతము. నిజజీవితంలోని అభిఘాతాలు సాధారణంగా ఈ రెండింటి మధ్యలో ఉంటాయి. ద్రవ్యవేగము మాత్రం అన్ని సందర్భాలలోనూ నిత్యంగానే ఉంటుంది.

పాఠ్యపుస్తకాలలో ఒక్కొక్క సందర్భానికి ఒక్కొక్క సూత్రం ఇవ్వడం వల్ల విద్యార్థులు వాటిని విడివిడిగా కంఠస్థం చేస్తుంటారు. నిజానికి ఒక్క సూత్రం చాలు:

మొదటి వస్తువు వేగంలో మార్పు = (1 + ప్ర) × ద్ర₂ / (ద్ర₁ + ద్ర₂) × సాపేక్ష వేగము

రెండవ వస్తువు విషయంలో లవంలో ద్ర₂కు బదులు ద్ర₁ ఉంచాలి. మార్పు దిశ వ్యతిరేకంగా ఉంటుంది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఒక వస్తువు వేగంలో వచ్చే మార్పు ఎదుటి వస్తువు ద్రవ్యరాశికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఎవరు ఎవరిని ఢీకొన్నారన్న ప్రశ్నకు ఈ సూత్రంలో చోటు లేదు.

రేణిగుంటలో రెండు వ్యాగన్లు

రేణిగుంట జంక్షను చెన్నై - ముంబై రైలు మార్గంపై ఉంది. గూడూరు నుండి తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్ళే మార్గం కూడా దీని గుండానే పోతుంది. ఇటువంటి జంక్షన్లలో షంటింగు చేసేటప్పుడు ఒక వ్యాగను మెల్లగా వచ్చి మరొక దానికి తగిలి, కప్లింగు పడి, రెండూ కలిసి కదలడం మామూలే. పట్టాలు వస్తువులను ఒకే రేఖపై నిలుపుతాయి కాబట్టి ఏకమితీయ అభిఘాతానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

బొగ్గు వంటి సరుకులను మోసే బాక్స్-ఎన్ రకం వ్యాగను ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 22 టన్నులు, పూర్తిగా నింపినప్పుడు సుమారు 80 టన్నులు ఉంటుంది. నిండు వ్యాగను సెకనుకు 1 మీటరు వేగంతో వచ్చి, నిలిచి ఉన్న ఖాళీ వ్యాగనుకు తగిలి అతుక్కున్నదనుకుందాం. ఉమ్మడి వేగము 80 ÷ 102, అంటే సెకనుకు 0.78 మీటరు. నిండు వ్యాగను 0.22 కోల్పోయింది, ఖాళీ వ్యాగను 0.78 పొందింది.

ఇప్పుడు ఖాళీ వ్యాగను అదే వేగంతో వచ్చి, నిలిచి ఉన్న నిండు వ్యాగనుకు తగిలిందనుకుందాం. ఉమ్మడి వేగము 22 ÷ 102, అంటే 0.22 మాత్రమే. చూడడానికి ఇది పూర్తిగా వేరే సంఘటన. మొదటిదానిలో రెండూ చురుకుగా కదిలిపోయాయి, రెండవదానిలో దాదాపు ఆగిపోయాయి. కానీ మార్పులను లెక్కిస్తే ఖాళీ వ్యాగను వేగము మళ్ళీ 0.78 మేరకే మారింది, నిండు వ్యాగను వేగము 0.22 మేరకే మారింది. కప్లింగులలో వేడిగా, శబ్దంగా, కుదుపుగా మారిన గతిజ శక్తి కూడా రెండు సందర్భాలలోనూ ఒక్కటే, సుమారు 8,600 జౌళ్ళు. తగిలినది ఏదైనా, కుదుపు ఎక్కువగా అనుభవించేది ఖాళీ వ్యాగనే.

పట్టాలపై ఘర్షణ కొంత ఉంటుంది, అది బయటి బలమే. అయితే అభిఘాతము జరిగే క్షణకాలంలో అది కలిగించే ప్రచోదనము చాలా తక్కువ కాబట్టి లెక్కలో వదిలివేస్తారు. ఢీకొనడానికి సరిగ్గా ముందు, సరిగ్గా తరువాత ఉన్న వేగాలకే ఈ నియమాన్ని వర్తింపజేయాలి. అర నిమిషం తరువాత వ్యాగన్లు ఆగిపోతే నియమము తప్పినట్లు కాదు.

చరిత్ర

భారీ వస్తువును తేలిక వస్తువు ఢీకొంటే ఏమవుతుందన్న ప్రశ్నపై గొప్ప తత్వవేత్త అయిన రెనె డెకార్ట్ కూడా పొరబడ్డాడు. 1644లో ప్రచురించిన తన లాటిన్ గ్రంథంలో ఆయన అభిఘాతాలకు ఏడు నియమాలు ఇచ్చాడు. నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువును చిన్న వస్తువు ఎంత వేగంతో తాకినా కదిలించలేదని, తాను మాత్రం అదే వేగంతో వెనుదిరుగుతుందని వాటిలో ఒకటి చెబుతుంది. పైన చూసిన రెండవ ఉదాహరణలో నిండు వ్యాగను కదలనే కదలకూడదన్నమాట. డెకార్ట్ "చలన పరిమాణము" నిత్యమని సరిగానే ఊహించాడు గాని, దానికి దిశను జోడించలేదు. ఎదురెదురుగా వచ్చే వస్తువుల చలనాలను తీసివేయవలసిన చోట కూడినందువల్ల ఆయన లెక్క తప్పింది.

1668లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఈ సమస్యను పండితుల ముందుంచింది. జాన్ వాలిస్, క్రిస్టఫర్ రెన్, క్రిస్టియాన్ హైగెన్స్ ముగ్గురూ విడివిడిగా సమాధానాలు పంపారు. వాలిస్ అతుక్కుపోయే వస్తువులను, మిగిలిన ఇద్దరూ ఎగసిపడే వస్తువులను తీసుకున్నారు. వీరిలో హైగెన్స్ వాదన చాలా అందమైనది. నిలకడగా సాగిపోయే పడవలో ఒక మనిషి రెండు గోళాలను ఢీకొట్టిస్తున్నాడు, ఒడ్డున మరొకరు నిలబడి చూస్తున్నారు. గోళాల వేగాలు ఇద్దరికీ వేరువేరుగా కనిపిస్తాయి గాని, జరిగిన అభిఘాతం ఒక్కటే, నియమమూ ఒక్కటే కావాలి. పడవ వేగాన్ని తగినట్లు ఎంచుకుంటే కష్టమైన సందర్భం తేలికైన సందర్భంగా మారిపోతుంది. ఆయన గ్రంథం మరణానంతరం 1703లో వెలువడింది. ఈలోగా న్యూటన్ లోలకాలతో ప్రయోగాలు చేసి, 1687 నాటి ప్రిన్సిపియాలో ఫలితాలు ఇచ్చాడు. గాజు గోళాలకు విడిపోయే వేగము, దగ్గరయ్యే వేగంలో 16వ వంతులు 15 అని, బిగించి చుట్టిన ఉన్ని బంతులకు 9వ వంతులు 5 అని ఆయన కొలిచాడు. పిల్లలు గాజు గోలీలతోనే ఎందుకు ఆడతారో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

క్యారమ్స్ బల్లపై

పోటీలలో వాడే క్యారమ్స్ కాయ బరువు 5 నుండి 5.5 గ్రాముల వరకు ఉంటుంది, స్ట్రైకర్ 15 గ్రాములకు మించకూడదు. అంటే స్ట్రైకర్ ద్రవ్యరాశి దాదాపు మూడు రెట్లు. అభిఘాతము పరిపూర్ణ స్థితిస్థాపకమని అనుకొని, 15 గ్రాముల స్ట్రైకర్ 5 గ్రాముల కాయకు సూటిగా తగిలితే, కాయ స్ట్రైకర్ తొలి వేగానికి ఒకటిన్నర రెట్ల వేగంతో దూసుకుపోతుంది. స్ట్రైకర్ సగం వేగంతో అదే దిశలో ముందుకు సాగుతుంది. కాయ వెనుకనే స్ట్రైకర్ కూడా గుంతలో పడి ఆటగాడికి నష్టం కలగడానికి కారణం ఇదే. రెండూ సమాన ద్రవ్యరాశి గలవైతే స్ట్రైకర్ తగిలిన చోటనే ఆగిపోయేది.

తేలిక వస్తువు భారీ వస్తువును తాకినప్పుడు వెనుదిరుగుతుంది. రెండవది అత్యంత భారీగా ఉంటే, గోడకు కొట్టిన బంతివలె మొదటిది దాదాపు అదే వేగంతో వెనుకకు వస్తుంది. అత్యంత భారీ వస్తువు తేలిక దానిని తాకితే తేలిక వస్తువు రెట్టింపు వేగాన్ని పొందుతుంది. అంతకంటే ఎక్కువ పొందడం ఒక్క అభిఘాతంలో సాధ్యం కాదు.

రహదారిపై: లారీ, కారు

చిత్తూరు నుండి పలమనేరు మీదుగా కర్ణాటకకు వెళ్ళే 69వ జాతీయ రహదారిపై, ముఖ్యంగా మొగిలి ఘాట్ వంటి చోట్ల, సరుకు లారీలు, బస్సులు, కార్లు ఒకే దారిలో నడుస్తాయి. రెండు ఇరుసుల లారీ సరుకుతో కలిపి 18.5 టన్నుల వరకు ఉండవచ్చు (2018లో ఈ పరిమితిని 16.2 టన్నుల నుండి పెంచారు). ప్రయాణికులతో కలిపి ఒక చిన్న కారు సుమారు 1.2 టన్నులు. రెండూ సెకనుకు 15 మీటర్ల (గంటకు 54 కి.మీ.) వేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొని, చిక్కుకుపోయాయనుకుందాం.

మొత్తం ద్రవ్యవేగము = (18,500 − 1,200) × 15 = 2,59,500 కి.గ్రా.మీ./సె.
ఉమ్మడి వేగము = 2,59,500 ÷ 19,700 = 13.2 మీ./సె.

లారీ వేగము 15 నుండి 13.2కు తగ్గింది, మార్పు గంటకు సుమారు 6.6 కి.మీ. కారు ముందుకు 15 మీటర్ల వేగంతో పోతున్నది కాస్తా వెనుకకు 13.2 మీటర్ల వేగంతో నెట్టబడింది. మార్పు సెకనుకు 28.2 మీటర్లు, అంటే గంటకు 101 కి.మీ. లారీ డ్రైవరుకు అది గట్టిగా బ్రేకు వేసినంత కుదుపు. కారులోని వారి శరీరాలు పదవ వంతు సెకనులో ఈ మార్పుకు లోనైతే, 60 కిలోల మనిషిపై పనిచేసే సగటు బలము సుమారు 17,000 న్యూటన్లు. ఇది అతని బరువుకు దాదాపు 29 రెట్లు. సీటు బెల్టు లేని మనిషి కారు ఆగుతున్న సేపు తన పాత వేగంతోనే ముందుకు పోయి, తరువాత డ్యాష్‌బోర్డుకు తగిలి ఇంకా తక్కువ కాలంలో ఆగుతాడు. ప్రచోదనము మారదు, కాలం పదో వంతైతే బలము పది రెట్లు అవుతుంది. బెల్టు, గాలి సంచి, నలిగిపోయేలా తయారుచేసిన కారు ముందు భాగం చేసే పని అంతా ఈ కాలాన్ని పెంచడమే.

ఎదురెదురుగా 54 కి.మీ. వేగంతో వచ్చే రెండు కార్లు ఢీకొంటే, అది 108 కి.మీ. వేగంతో గోడను కొట్టినట్లేనని తరచుగా చెబుతుంటారు. ఇది సరి కాదు. ఒకే ద్రవ్యరాశి గల రెండు కార్లు అక్కడికక్కడే ఆగిపోతాయి. ప్రతి కారు వేగంలోనూ మార్పు 54 కి.మీ. మాత్రమే, గోడకు 54 కి.మీ. వేగంతో తగిలిన దానితో సమానము. కానీ ఎదుటిది నిండు లారీ అయినప్పుడు ఆ మాట దాదాపు నిజమవుతుంది.

2023 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో, కారును గంటకు 64 కి.మీ. వేగంతో నలిగే అడ్డుగోడకు ఢీకొట్టించి నక్షత్రాలు ఇస్తారు. కారు సొంత వేగము నుండి ఆగేటప్పుడు ఎంత భద్రమో ఆ నక్షత్రాలు చెబుతాయి. పై ఉదాహరణలోని 101 కి.మీ. మార్పు దీనికి ఒకటిన్నర రెట్లకు పైన; శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి తీవ్రత సుమారు రెండున్నర రెట్లు.

లారీ డ్రైవరు అప్పటికే బ్రేకు వేసి ఉంటే, చక్రాల కింద రోడ్డు కలిగించే ఘర్షణను వ్యాగన్ల విషయంలో వలె వదిలివేయడం కుదరదు. 18.5 టన్నుల లారీపై ఆ ప్రచోదనము పదవ వంతు సెకనులోనే సుమారు 12,000 న్యూటన్-సెకన్లు ఉండవచ్చు. అభిఘాత ప్రచోదనమైన 34,000తో పోల్చితే ఇది మూడో వంతుకు మించినది. అందువల్ల లారీ మరి కాస్త నెమ్మదిస్తుంది గాని, కారు అనుభవించే మార్పు పెద్దగా తగ్గదు. ద్విచక్ర వాహనాల విషయంలో ఈ లెక్క మరొక విధంగా విఫలమవుతుంది. నడిపేవాడు వాహనంతో పాటు ఉండడు, విడిపోతాడు. అప్పుడు అభిఘాతము ఏకమితీయమూ కాదు, రెండు వస్తువులదీ కాదు.

శ్రీహరికోట: సెకనుకు ఒక సెంటీమీటరు

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు, అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం నుండి 2024 డిసెంబరు 30న పిఎస్‌ఎల్‌వి-సి60 రాకెట్టు స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను మోసుకువెళ్ళింది. ఛేజర్, టార్గెట్ అనే ఈ రెండూ ఒక్కొక్కటి సుమారు 220 కిలోలు. వాటిని దశలవారీగా దగ్గర చేస్తూ 15 మీటర్లు, 3 మీటర్ల దూరాలలో నిలిపి, చివరకు 2025 జనవరి 16న ఒకదానితో ఒకటి జత చేశారు. ఈ డాకింగ్ నిజానికి ఒక పరిపూర్ణ అస్థితిస్థాపక ఏకమితీయ అభిఘాతమే.

సుమారు 475 కి.మీ. ఎత్తున ఆ ఉపగ్రహాల కక్ష్యా వేగము సెకనుకు 7.6 కి.మీ. అయితే అభిఘాతానికి అది లెక్కలోకి రాదు. రెండూ హైగెన్స్ పడవలో ఉన్నట్లే; భూమ్యాకర్షణ రెండింటినీ దాదాపు ఒకేలా లాగుతుంది. లెక్కకు వచ్చేది సాపేక్ష వేగము ఒక్కటే. దానిని ఇస్రో సెకనుకు సుమారు 10 మిల్లీమీటర్లుగా నిర్ణయించింది. ద్రవ్యరాశులు సమానము కాబట్టి ఒక్కొక్క ఉపగ్రహపు వేగము 5 మిల్లీమీటర్ల మేర మారుతుంది. వ్యయమయ్యే గతిజ శక్తి 0.0055 జౌళ్ళు. ఇది ఒక క్యారమ్స్ కాయను 10 సెంటీమీటర్ల ఎత్తు నుండి జారవిడిస్తే వచ్చే శక్తి.

ఇంత నెమ్మదిగా చేయవలసిన అవసరమేమిటన్న సందేహం కలగవచ్చు. అంతరిక్షంలో ఘర్షణ లేదు, పట్టాలు లేవు. కొక్కెం పడక ముందే ఉపగ్రహాలు ఏ కొంచెం ఎగసిపడినా, ప్ర విలువ 0.5 అనుకుంటే, సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగంతో విడిపోతూనే ఉంటాయి. వాటిని ఆపే బయటి బలమేదీ లేదు. తాకిడి రేఖ ద్రవ్యరాశి కేంద్రాల గుండా పోకపోతే ఉపగ్రహాలు గిర్రున తిరగడం కూడా మొదలవుతుంది. 2025 మార్చి 13న రెండింటినీ విడదీశారు. అది అభిఘాతానికి తిరగేసిన రూపము. ఏప్రిల్ 20న మరలా జత చేశారు.

ద్రవ్యరాశులు అసమానమైతే లెక్క మళ్ళీ రేణిగుంట వ్యాగన్ల లెక్కే. సుమారు 420 టన్నుల అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 7 టన్నుల సోయజ్ నౌక సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో తాకితే, కేంద్రం వేగంలో మార్పు 1.6 మిల్లీమీటర్లు మాత్రమే. నౌక వేగము సెంటీమీటర్లలో మారుతుంది.

తేలిక వస్తువు, కొండంత లక్ష్యము

తేడా లక్షల రెట్లు ఉన్నప్పుడు కూడా నియమము అదే. 2022 సెప్టెంబరు 26న నాసాకు చెందిన డార్ట్ నౌక, డైమార్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని కావాలనే ఢీకొన్నది. నౌక సుమారు 580 కిలోలు, వేగము సెకనుకు సుమారు 6.1 కి.మీ. శకలం అడ్డుకొలత సుమారు 150 మీటర్లు, ద్రవ్యరాశి సుమారు 430 కోట్ల కిలోలు. నౌక అందులో కూరుకుపోయిందని లెక్కిస్తే శకలపు వేగము సెకనుకు 0.8 మిల్లీమీటరు మేర మారాలి. డెకార్ట్ నియమం ప్రకారమైతే అసలు మారకూడదు. కొలిచి చూస్తే మార్పు 2.7 మిల్లీమీటర్లు అని తేలింది. డిడిమోస్ అనే పెద్ద శకలం చుట్టూ అది ఒకసారి తిరగడానికి పట్టే 11 గంటల 55 నిమిషాల కాలం 33 నిమిషాలు తగ్గింది.

లెక్కకు మూడు రెట్లకు పైగా మార్పు రావడం వల్ల నియమము తప్పలేదు. లెక్కించిన వస్తువుల సంఖ్య తప్పింది. తాకిడికి ఎగిరిన రాళ్ళు, ధూళి నౌక వచ్చిన దిశలోకే వెనుకకు చిమ్మాయి. అవి మోసుకుపోయిన ద్రవ్యవేగానికి సరిసమానంగా శకలం ముందుకు నెట్టబడింది. నౌక, శకలం, చిమ్మిన రాళ్ళు మూడింటినీ కలిపి కూడితే మొత్తం ముందు ఉన్నంతే వస్తుంది.